వెబ్ ప్రాజెక్టులో ఫ్రంటెండ్ ఫ్రేమ్‌వర్కు ఆవశ్యకత

ఫ్రంటెండ్ ఫ్రేమ్‌వర్కు అనగా వెబ్ పేజీలో వాడుకరి చూసే, తాకే భాగాన్ని నిర్మించడానికి ముందుగానే తయారుచేసి ఉంచిన జావాస్క్రిప్టు చట్రం. రియాక్ట్, యాంగ్యులర్, వ్యూ, స్వెల్ట్ అనేవి వీటిలో బాగా ప్రచారంలో ఉన్నవి. (రియాక్ట్‌ను దాని కర్తలు ఫ్రేమ్‌వర్కు అనరు, లైబ్రరీ అంటారు. ఈ వ్యాసం వరకు ఆ తేడా అంత ముఖ్యం కాదు.) కొత్తగా వెబ్‌సైటు మొదలుపెట్టేవారు చాలామంది "ఏ ఫ్రేమ్‌వర్కు వాడాలి?" అనే ప్రశ్నతో ప్రారంభిస్తారు. అంతకంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది: అసలు ఫ్రేమ్‌వర్కు అవసరమా?

దీనికి జవాబు సైటు పెద్దదా, చిన్నదా అన్నదానిపై ఆధారపడదు. పేజీ తెరచుకున్న తరువాత బ్రౌజరులో మారే సమాచారం ఎంత, ఒక్కొక్క మార్పు తెర మీద ఎన్ని చోట్ల కనబడాలి అనే రెండు విషయాలపై ఆధారపడుతుంది. లక్షలాది వ్యాసాలున్న వికీపీడియాలో వ్యాసం చదవడానికి ఏ ఫ్రేమ్‌వర్కూ అక్కరలేదు. ఒకే ఒక్క పేజీ ఉన్న స్ప్రెడ్‌షీటును మాత్రం ఇటువంటి చట్రమేదీ లేకుండా కట్టడం చాలా కష్టం.

ఫ్రేమ్‌వర్కు చేసే పని

వెబ్ పేజీకి మూడు అంగాలున్నాయి. హెచ్.టి.ఎం.ఎల్. పేజీలోని విషయాన్ని, దాని అమరికను చెబుతుంది. సి.ఎస్.ఎస్. దాని రూపాన్ని నిర్ణయిస్తుంది. జావాస్క్రిప్టు దానికి కదలికను ఇస్తుంది. బ్రౌజరు (దీనినే విహరిణి అని కూడా అంటారు) హెచ్.టి.ఎం.ఎల్.ను చదివి, తన జ్ఞాపకంలో ఒక చెట్టులాంటి నిర్మాణాన్ని తయారుచేసుకుంటుంది. దీని పేరు డామ్. జావాస్క్రిప్టు ఈ చెట్టు కొమ్మలను మార్చినప్పుడల్లా తెర మీది దృశ్యం మారుతుంది.

బస్సు టికెట్లు అమ్మే పేజీని ఉదాహరణగా తీసుకుందాం. ప్రయాణికుడు సీటును ఎంచుకోవచ్చు, ఎంచుకున్నదానిని వదులుకోవచ్చు, రాయితీ కోడు ఇవ్వవచ్చు, బస్సు ఎక్కే చోటును మార్చవచ్చు. ఈలోగా ఆ సీటును వేరొకరు కొనేశారని సర్వరు నుండి కబురు రావచ్చు. అంటే మార్పుకు కారణాలు అయిదు. ఇక తెర మీద మారవలసిన చోట్లు చూస్తే, సీటు రంగు, ఎంచుకున్న సీట్ల జాబితా, మొత్తం ధర, ప్రయాణికుల పేర్లు నింపే గడులు, డబ్బు చెల్లించే మీట. ఇవీ అయిదే. ఒక్కొక్క కారణం ఒక్కొక్క చోటును ఎలా మార్చాలో విడివిడిగా రాస్తూ పోతే, గరిష్ఠంగా ఇరవై అయిదు జతలను గుర్తుంచుకోవాలి. వాటిలో ఒక్కటి మరచిపోయినా తెర అబద్ధం చెబుతుంది. సీటు ఖాళీ అయినట్టే కనబడుతుంది గాని ధర మాత్రం తగ్గదు. ఆరవ కారణం, ఆరవ చోటు వచ్చి చేరితే జతలు ముప్ఫై ఆరు అవుతాయి.

ఫ్రేమ్‌వర్కు ఈ గుణకారాన్ని కూడికగా మారుస్తుంది. ఎంచుకున్న సీట్లు, ఎక్కే చోటు, రాయితీ మొదలైన వివరాలను ఒకచోట ఉంచుతారు. దీనిని స్థితి అంటారు. ఒక్కొక్క కారణం స్థితిని ఎలా మారుస్తుందో ఒకసారి రాస్తారు. స్థితి ఫలానా విధంగా ఉన్నప్పుడు ఒక్కొక్క చోటు ఎలా కనబడాలో మరొకసారి రాస్తారు. అయిదూ అయిదూ పది. మిగిలిన పనంతా, అనగా స్థితి మారినప్పుడు తెరను దానికి అనుగుణంగా సరిదిద్దే పని, ఫ్రేమ్‌వర్కుది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. స్థితిని ఒకచోట ఉంచి, మార్పు జరిగినప్పుడల్లా పేజీలోని ఆ భాగాన్ని మొత్తం తుడిచి మళ్ళీ గీయడం ఫ్రేమ్‌వర్కు లేకుండా కూడా చేయవచ్చు. పది, పదిహేను పంక్తుల జావాస్క్రిప్టు చాలు. చిన్న పేజీలకు ఇదే మంచి పద్ధతి. అయితే అలా తుడిచి గీసినప్పుడు, పేరు టైపు చేస్తున్న గడిలోని కర్సరు మాయమవుతుంది, జాబితాను జరిపి ఉంచిన చోటు పోతుంది. అందుచేత మారిన కొమ్మలను మాత్రమే తాకి, మిగిలినవాటిని కదపకుండా వదలాలి. ఫ్రేమ్‌వర్కుల అసలు నేర్పు ఇదే. రియాక్ట్ పాత చిత్రాన్ని కొత్త చిత్రంతో పోల్చి తేడాలను మాత్రమే డామ్‌కు చేరవేస్తుంది. స్వెల్ట్ ఏ స్థితి మారితే ఏ కొమ్మ మారాలో ప్రోగ్రామును అనువదించే దశలోనే తేల్చుకుంటుంది.

చరిత్ర

జావాస్క్రిప్టును 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించాడు. మొదట్లో దాని వాడుక గడులు సరిగా నింపారో లేదో చూడడం వంటి చిన్న పనులకే పరిమితం. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చి, పేజీని మళ్ళీ తెరవకుండానే సర్వరుతో మాట్లాడవచ్చునని అందరికీ చూపించాయి. ఈ పద్ధతికి 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గ్యారెట్ అజాక్స్ అని పేరు పెట్టాడు.

2006లో జాన్ రెసిగ్ విడుదల చేసిన జేక్వెరీ మరొక సమస్యను పరిష్కరించింది. ఆనాటి బ్రౌజర్లు ఒక్కొక్కటి ఒక్కొక్క తీరుగా ప్రవర్తించేవి. ఆ తేడాలను జేక్వెరీ కప్పిపుచ్చేది. స్థితికి, తెరకు పొంతన కుదిర్చే బాధ్యత మాత్రం ప్రోగ్రాము రాసేవారిదే. ఆ లోటును పూరించడానికి 2010లో బ్యాక్‌బోన్, నాకౌట్, యాంగ్యులర్‌జేఎస్ వెలువడ్డాయి. 2013 మే నెలలో ఫేస్‌బుక్ రియాక్ట్‌ను బహిరంగపరచింది. 2014లో ఇవాన్ యూ వ్యూను, 2016లో రిచ్ హ్యారిస్ స్వెల్ట్‌ను విడుదల చేశారు.

ఇదే కాలంలో బ్రౌజర్లు కూడా ఎదిగాయి. జేక్వెరీ వల్ల మాత్రమే సాధ్యమైన పనులు క్రమంగా బ్రౌజరులోకే వచ్చాయి. 2018లో గిట్‌హబ్ తన సైటు నుండి జేక్వెరీని పూర్తిగా తొలగించింది. దాని స్థానంలో మరొక ఫ్రేమ్‌వర్కును తేలేదు, బ్రౌజరులో ఉన్న సౌకర్యాలతోనే సరిపెట్టింది. 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు మద్దతు ఉపసంహరించడంతో పాత బ్రౌజర్ల బెడద చాలా మటుకు తీరింది. కనుక 2010లో ఫ్రేమ్‌వర్కు కావాలనడానికి చూపిన కారణాలు కొన్ని ఇప్పుడు చెల్లవు.

అవసరం లేని సందర్భాలు

వార్తాపత్రిక, కళాశాల సైటు, ప్రభుత్వ శాఖ సమాచార పేజీలు, బ్లాగు, నిఘంటువు, పరీక్షా ఫలితాల పేజీ వంటివన్నీ ప్రధానంగా చదువుకునేవి. వీటిలో మార్పు సర్వరులో జరుగుతుంది, బ్రౌజరులో కాదు. హాల్ టికెట్ సంఖ్య ఇచ్చి మార్కులు చూసుకోవడానికి ఒక ఫారం, ఒక జవాబు పేజీ చాలు. పరీక్షా ఫలితాలు వెలువడిన రోజున లక్షలమంది ఒకేసారి వస్తారు. అటువంటప్పుడు పేజీ ఎంత తేలికగా ఉంటే అంత మేలు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్న సామెత ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.

నొక్కితే తెరచుకునే మెనూ, విప్పితే కనిపించే ప్రశ్నోత్తరాలు, పేజీ మీద తేలే చిన్న పెట్టె వంటివాటికి కూడా ఫ్రేమ్‌వర్కు అక్కరలేదు. వీటిలో చాలావాటికి ఇప్పుడు హెచ్.టి.ఎం.ఎల్.లోనే మూలకాలున్నాయి.

జావాస్క్రిప్టు అవసరమైనంత మాత్రాన ఫ్రేమ్‌వర్కు అవసరమైనట్టు కాదు. తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ లేఖిని. ఆంగ్ల లిపిలో టైపు చేసినదానిని తెలుగు లిపిలోకి మార్చే ఈ పనిముట్టు 2006లో వచ్చింది. ఇప్పుడు ప్రచారంలో ఉన్న ఫ్రేమ్‌వర్కులు అప్పటికి పుట్టలేదు. లిప్యంతరీకరణ నియమాలు చిక్కైనవే గాని, తెర మీద జరిగేది మాత్రం సులువు. ఒక గడిలో టైపు చేస్తే మరొక గడిలో తెలుగు కనబడుతుంది. కారణం ఒకటి, చోటు ఒకటి. ఇటువంటి పనిముట్టును ఈనాడు కొత్తగా రాసినా ఫ్రేమ్‌వర్కు వల్ల ఒరిగేది ఏమీ ఉండదు. చిక్కు అంతా నియమాలలో ఉంది, తెర మీద లేదు.

మూల్యం

ఫ్రేమ్‌వర్కులు దాదాపు అన్నీ ఉచితంగానే లభిస్తాయి. అయినా వాటికి మూల్యం ఉంది. అందులో కొంత పాఠకుడు, కొంత సైటును నిర్వహించేవారు చెల్లిస్తారు.

పాఠకుడు చెల్లించేది డేటా, సమయం. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. పది వేల సంకేతాలున్న వ్యాసం అంటే సుమారు 30 కిలోబైట్లు. రియాక్ట్ 18ని దాని డామ్ భాగంతో కలిపి తీసుకుంటే 130 కిలోబైట్ల పైచిలుకు ఉంటుంది. రెండూ జిప్ పద్ధతిలో కుదించకముందు లెక్కలే. సైటుకు చెందిన సొంత కోడు, ఇతర లైబ్రరీలు దీనికి అదనం. పైగా, జావాస్క్రిప్టు దిగుమతి కావడంతో పని ముగియదు. బ్రౌజరు దానిని చదివి, అనువదించి, నడపాలి. చవక ఫోనులోని ప్రాసెసరుకు ఇది భారం. అంతే పరిమాణం గల ఫొటోకు ఈ ఖర్చు ఉండదు. ప్రోగ్రాము రాసేవారు సాధారణంగా మంచి కంప్యూటరు మీద, వేగమైన కనెక్షనుతో పనిచేస్తారు కాబట్టి ఈ భారం వారి కంటబడదు.

స్క్రిప్టు అందకపోతే ఏమవుతుంది? పేజీ మొత్తం బ్రౌజరులోనే తయారయ్యే సైట్లలో తెల్లటి ఖాళీ తెర మిగులుతుంది. స్క్రిప్టును కావాలని ఆపివేసేవారు బహు కొద్దిమంది కాబట్టి దీనిని పట్టించుకోనక్కరలేదని ఒక వాదన. బ్రిటన్ ప్రభుత్వపు గవ్.యూకే సైటు 2013లో ఈ విషయాన్ని లెక్కించి చూసింది. సందర్శనలలో 1.1 శాతానికి స్క్రిప్టు పనిచేయలేదు. అందులో స్క్రిప్టును ఆపివేసిన లేదా దానికి వీలులేని బ్రౌజర్లు 0.2 శాతమే. మిగిలిన 0.9 శాతానికి పనిచేయవలసి ఉండి కూడా పనిచేయలేదు. మధ్యలో తెగిన కనెక్షను, ఆఫీసు నెట్‌వర్కులోని అడ్డుగోడ వంటివి ఇటువంటి వైఫల్యాలకు దారితీస్తాయి. శాతం చిన్నదే గాని, పింఛనుకో పాసుపోర్టుకో దరఖాస్తు చేసుకునే సైటులో ఆ ఒక్క శాతాన్ని తీసివేయడానికి వీలు లేదు.

నిర్వాహకులు చెల్లించేది ముఖ్యంగా కాలంతో వచ్చేది. యాంగ్యులర్‌జేఎస్ చరిత్ర దీనికి మంచి పాఠం. దాని తరువాతి అవతారం పాతదానితో పొసగదని 2014లో ప్రకటించారు. 2016లో యాంగ్యులర్ 2 వచ్చింది. 2021 డిసెంబరు 31తో పాత యాంగ్యులర్‌జేఎస్‌కు మద్దతు ముగిసింది. దాని మీద కట్టిన సైట్లకు, భద్రతా సవరణలు లేకుండా కొనసాగడమో, మళ్ళీ రాసుకోవడమో తప్ప మార్గం లేకపోయింది. వ్యూ 2కు కూడా 2023 డిసెంబరు 31న మద్దతు ముగిసింది, అయితే వ్యూ 3కు మారడం అంత కష్టం కాదు. పదిమంది జీతగాళ్ళున్న సంస్థ ఇటువంటి మార్పును భరించగలదు. సెలవు రోజుల్లో స్వచ్ఛందంగా నడిపే సైటుకు అది ప్రాణాంతకం కావచ్చు.

ఫ్రేమ్‌వర్కు ఒంటరిగా రాదు, తనతో పాటు పదుల కొద్దీ చిన్న ప్యాకేజీలను వెంటబెట్టుకు వస్తుంది. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 పంక్తుల ప్యాకేజీని దాని కర్త భాండారం నుండి తీసివేయగా, దాని మీద పరోక్షంగా ఆధారపడిన బాబెల్, రియాక్ట్ వంటివాటిని స్థాపించే పని ప్రపంచమంతటా కొంతసేపు నిలిచిపోయింది.

మీడియావికీ ఉదంతం

వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేరు మీడియావికీ. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా కూడా దీనిమీదే నడుస్తుంది. ఫ్రేమ్‌వర్కు కావాలా, వద్దా అన్న ప్రశ్నకు అవును, కాదు అనే రెండు జవాబులూ ఒకే ప్రాజెక్టులో ఎలా పొసగుతాయో తెలుసుకోవడానికి దీనికంటే మంచి ఉదాహరణ దొరకదు.

2010లో వెలువడిన మీడియావికీ 1.16లో జేక్వెరీ వచ్చి చేరింది. తరువాత విజువల్ ఎడిటరు వంటి పెద్ద పనిముట్లు అవసరమయ్యాయి. వికీ సంకేతాలు తెలియనివారు కూడా అచ్చు పేజీ లాంటి దాని మీదే దిద్దుబాట్లు చేయడానికి ఉద్దేశించిన ఈ ఎడిటరులో మారే స్థితి అపారం. దానికోసం వికీమీడియా తన సొంత లైబ్రరీలను రాసుకుంది. వాటిని నేర్చుకున్నవారు వికీమీడియా బయట అరుదు. కొత్తగా చేరినవారు ప్రతిసారీ మొదటి నుండి నేర్చుకోవలసి వచ్చేది. సొంతంగా కట్టుకున్న చట్రానికి కూడా పోషణ ఖర్చు ఉంటుందని ఫ్రేమ్‌వర్కులను వద్దనేవారు ఒక్కొక్కసారి మరచిపోతారు.

సుదీర్ఘ చర్చ తరువాత 2020లో వికీమీడియా ఫౌండేషను వ్యూను ఎంచుకుంది. తుది వరకు పోటీలో నిలిచినది రియాక్ట్. అదే సంవత్సరం వెలువడిన మీడియావికీ 1.35 నుండి వ్యూ అందులో భాగంగా వస్తున్నది. ప్రత్యేకమైన అనువాద దశ లేకుండా కూడా వాడుకునే వీలు ఉండడం వ్యూకు కలిసివచ్చిన అంశాలలో ఒకటి. వికీ సముదాయంలో స్వచ్ఛందంగా ఉపకరణాలు రాసేవారు ఎందరో ఉన్నారు. వారి కంప్యూటర్లలో బోలెడన్ని పనిముట్లు స్థాపించుకొమ్మనడం భావ్యం కాదు.

వ్యూ వచ్చినా వ్యాసాలు మాత్రం మునుపటిలాగే సర్వరులో తయారై, పూర్తి హెచ్.టి.ఎం.ఎల్.గా పాఠకుడికి చేరుతున్నాయి. స్క్రిప్టు లేకపోయినా చదవవచ్చు, దిద్దవచ్చు. కొత్త వెక్టర్ రూపంలో టైపు చేస్తుండగా సూచనలిచ్చే వెతుకు పెట్టెను వ్యూతో రాశారు. ఆ కోడు పేజీతో పాటు రాదు, పాఠకుడు వెతుకు పెట్టెను తాకినప్పుడు వస్తుంది. చదివి వెళ్ళిపోయేవారి మీద దాని భారం పడదు.

నిర్ణయం మార్చుకున్న సంస్థలు

ట్విట్టర్ 2010లో తన సైటును పూర్తిగా బ్రౌజరులో తయారయ్యే విధంగా మార్చింది. 2012 మే నెలలో మళ్ళీ సర్వరుకు మరలింది. దీనివల్ల పేజీ మొదటిసారి తెరచుకునే సమయం అయిదో వంతుకు తగ్గిందని ఆ సంస్థ ప్రకటించింది. అయితే కథ అక్కడ ముగియలేదు. 2017లో మొబైలు ఫోన్ల కోసం ట్విట్టర్ లైట్‌ను రియాక్ట్‌తో నిర్మించారు, 2019లో కంప్యూటర్లకు కూడా దానినే విస్తరించారు.

నెట్‌ఫ్లిక్స్ చేసినది మరింత సూక్ష్మమైన పని. సభ్యత్వం లేనివారు మొదట చూసే పేజీలో, 2017లో, రియాక్ట్‌ను సర్వరులో మాత్రమే ఉంచి, బ్రౌజరుకు మామూలు జావాస్క్రిప్టును పంపింది. స్క్రిప్టు 200 కిలోబైట్లు తగ్గింది. పేజీ వాడుకకు సిద్ధమయ్యే సమయం సగానికి పడిపోయింది. తరువాతి పేజీలకు రియాక్ట్ అవసరం కనుక, పాఠకుడు మొదటి పేజీని చూస్తుండగానే దానిని వెనుక నుండి తెప్పించి ఉంచారు.

లైసెన్సు కూడా నిర్ణయాన్ని మార్చగలదు. రియాక్ట్ లైసెన్సులోని పేటెంటు షరతు నచ్చక 2017 సెప్టెంబరులో వర్డ్‌ప్రెస్ దానిని వదులుకుంటామని ప్రకటించింది. అదే నెలలో ఫేస్‌బుక్ ఎం.ఐ.టి. లైసెన్సుకు మారడంతో వర్డ్‌ప్రెస్ వెనక్కి తగ్గింది. 2018 డిసెంబరులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.0లోని గుటెన్‌బర్గ్ ఎడిటరు రియాక్ట్‌తోనే తయారైంది. ఇక్కడ కూడా ఫ్రేమ్‌వర్కు పని రాసేవారి ఎడిటరులో. ఆ బ్లాగును చదివేవారికి అది రావలసిన అవసరం లేదు.

నిర్ణయించే విధానం

కాగితం, పెన్సిలుతో చేయగల పరీక్ష ఒకటి ఉంది. పేజీ బొమ్మ గీసి, పేజీ మళ్ళీ తెరవకుండా మారవలసిన చోట్ల చుట్టూ సున్నాలు చుట్టాలి. పక్కన మార్పుకు కారణాలు రాసి, ఒక్కొక్క కారణం నుండి అది ప్రభావితం చేసే చోట్లకు బాణాలు గీయాలి. బాణాలు రెండో మూడో ఉండి, ఒకదానినొకటి దాటకపోతే మామూలు జావాస్క్రిప్టు చాలు. బాణాలు అల్లుకుపోయి సాలెగూడు అయితే ఫ్రేమ్‌వర్కు తన ఖర్చును తానే రాబట్టుకుంటుంది. పటాల మీద గుర్తులు పెట్టే పనిముట్లు, పలువురు ఒకేసారి దిద్దే పత్రాలు, డిజైను పనిముట్లు, రోజంతా తెరచి ఉంచే కార్యాలయ తెరలు ఈ కోవకు చెందుతాయి.

వాడుకరి పేజీలో ఎంతసేపు ఉంటాడన్నది తరువాతి ప్రశ్న. బ్యాంకు గుమాస్తా ఉదయం ఒకసారి తెరచి సాయంత్రం వరకు వాడే తెరకు మొదట్లో మూడు సెకన్లు ఆలస్యమైనా నష్టం లేదు. వెతుకులాటలో దొరికిన లంకె నొక్కి, ఒక్క పేరా చదివి పోయేవాడికి ఆ మూడు సెకన్లే మొత్తం అనుభవం.

నిర్మించేవారెవరు, అయిదేళ్ళ తరువాత దానిని చూసుకునేవారెవరు అన్నది కూడా అంతే ముఖ్యం, దీనిని తక్కువగా అంచనా వేయడం పరిపాటి. పెద్ద బృందాలలో ఫ్రేమ్‌వర్కు ఒక ఉమ్మడి వ్యాకరణంలా పనిచేస్తుంది. ఒకరు రాసినది మరొకరు చదవగలుగుతారు, కొత్తవారికి పుస్తకాలు, పాఠాలు దొరుకుతాయి. ఒక్క ఈ కారణంతో, సాంకేతికంగా అంత అవసరం లేకపోయినా ఫ్రేమ్‌వర్కును ఎంచుకోవడం తప్పు కాదు. ఉద్యోగ ప్రకటనలలో ఫలానా పేరు కనబడుతున్నది కాబట్టి కళాశాల వార్షికోత్సవ సైటును దానితో కట్టడం మాత్రం నేర్చుకోవడానికి పనికివస్తుంది గాని, సైటుకు పనికిరాదు. విద్యార్థులు ఈ రెండు ప్రయోజనాలను కలపకుండా ఉండడం మంచిది.

మధ్యేమార్గాలు

సైటు మొత్తానికి ఒకే జవాబు ఉండనవసరం లేదు. పేజీలను సర్వరులో తయారుచేసి, అందులో చలనం అవసరమైన ముక్కలకు మాత్రమే ఫ్రేమ్‌వర్కును జోడించడం ఒక పద్ధతి. ఈ ముక్కలను ద్వీపాలు అంటారు. 2021లో వచ్చిన ఆస్ట్రో ఈ ఆలోచన మీద నడుస్తుంది. 2016లో వచ్చిన నెక్స్ట్.జేఎస్ రియాక్ట్ పేజీలను ముందుగా సర్వరులో తయారుచేసి పంపుతుంది. దీనివల్ల పాఠకుడికి విషయం త్వరగా కనబడుతుంది గాని, స్క్రిప్టు భారం పూర్తిగా పోదు. పేజీ కనబడిన తరువాత మీటలు పనిచేయడానికి కొంత వ్యవధి పట్టవచ్చు.

2020లో వచ్చిన హెచ్.టి.ఎం.ఎక్స్. మార్గం వేరు. స్థితి అంతా సర్వరులోనే ఉంటుంది. ఏదైనా నొక్కినప్పుడు సర్వరు హెచ్.టి.ఎం.ఎల్. తునకను పంపితే, బ్రౌజరు దానిని తగిన చోట అతికిస్తుంది. పి.హెచ్.పి., పైథాన్ వంటివి తెలిసినవారు కొత్తగా నేర్చుకోవలసినది తక్కువ. ప్రతి చిన్న మార్పుకూ సర్వరు దాకా వెళ్ళి రావాలి కనుక, బొమ్మలు గీసే పనిముట్లకు, కనెక్షను లేనప్పుడు కూడా నడవవలసినవాటికి ఇది సరిపడదు. రియాక్ట్ రాత పద్ధతి నచ్చి, దాని బరువు నచ్చనివారికి ప్రియాక్ట్ ఉంది. కుదించిన తరువాత దాని పరిమాణం సుమారు 3 కిలోబైట్లని దాని కర్తలు చెబుతారు. రియాక్ట్ కోసం రాసిన కోడును కొద్ది మార్పులతో దానిమీద నడపడానికి ఒక అనుసంధాన భాగం కూడా దానితో పాటు లభిస్తుంది.